రంగు మారే చెంచాకు పేటెంట్ ఎందుకంత కష్టం?

ఆటోనగర్‌లో ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ నడిపే ఒక పెద్దాయన కిందటేడు వేసవిలో విజయవాడ గవర్నర్‌పేటలో పేటెంట్ దరఖాస్తులు రాసిపెట్టే మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో ఫ్లాస్కు, చొక్కా జేబులో పసిపిల్లలకు తినిపించే చెంచా. కుర్చీలో సర్దుకోకముందే ఫ్లాస్కు మూతలోకి రాగిజావ వంపి అందులో చెంచా ముంచారు. వంకాయ రంగు చెంచా అంచుల దగ్గర మొదలై మెల్లగా గులాబీ రంగుకు తిరిగింది. బయటికి తీసి గాలికి ఆడిస్తే కాసేపటికి మళ్లీ వంకాయ రంగు.

"మనవడి నాలుక కాలింది బాబూ," అన్నారు. "కోడలు ఊది ఊదే పెట్టింది. పైన చల్లారింది గానీ లోపల చల్లారలేదు. వాడు మూడు రోజులు పాలు కూడా సరిగ్గా తాగలేదు. అప్పట్నుంచీ దీని మీదే కూర్చున్నా. దీనికి పేటెంట్ తీయించు. ఇంకెవరూ చెయ్యకూడదు."

పేటెంట్ అంటే ఏమిటో ఆయన చివరి మాటలోనే ఉంది. చాలామంది దాన్ని సర్కారు ఇచ్చే మెచ్చుకోలు పత్రం అనుకుని మా దగ్గరికి వస్తారు. నిజానికి అది ఇతరులు ఆ వస్తువును చెయ్యకుండా, అమ్మకుండా ఆపే హక్కు. దరఖాస్తు వేసిన తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది. దేశమంతటినీ అన్నేళ్లు ఆపగల హక్కు అడుగుతున్నప్పుడు, బదులుగా నువ్వు కొత్తగా ఏమిచ్చావని చట్టం గుచ్చిగుచ్చి అడుగుతుంది. చెంచా పనిచేస్తుందా, పిల్లలకు మేలు చేస్తుందా అన్న దానిమీద పెద్దగా తగవు రాదు. వేడిని చూపించే చెంచాలు, కప్పులు, గిన్నెల మీద నడిచే పేటెంట్ తగవుల్లో పేచీ అంతా ఒక్కచోటే: ఇందులో నీది ఎంత, నీకు ముందే లోకంలో ఉన్నది ఎంత?

ఆయన కేసును పట్టుకునే ఈ చిక్కు విప్పుతాను. మనిషి ఎవరో తెలియకుండా, ఆయన హక్కుకు నష్టం రాకుండా సాంకేతిక వివరాలు కొన్ని మార్చాను. తర్కం మాత్రం ఉన్నదున్నట్టే.

ముందు ఆ రంగు సంగతి. ప్లాస్టిక్ గ్రాన్యూల్స్‌లో కలిపే ఈ పొడిలో ఒక్కో రేణువూ కంటికి కనపడనంత చిన్న గుళిక. గుళికలో మూడు సరుకులుంటాయి: క్రిస్టల్ వయలెట్ లాక్టోన్ లాంటి రంగు పదార్థం, దానికి రంగు తెప్పించే ఆమ్ల గుణమున్న పదార్థం, మైనం లాంటి ఒక కొవ్వు ఆల్కహాల్. మైనం గడ్డకట్టి ఉన్నంతసేపూ మొదటి రెండూ అంటిపెట్టుకుని ఉంటాయి, నీలం కనపడుతుంది. మైనం కరిగితే అవి విడిపోతాయి, నీలం మాయమవుతుంది. అడుగున కలిపిన మామూలు గులాబీ రంగు పైకి తేలుతుంది. చల్లారితే మళ్లీ కలుస్తాయి. ఎంత వేడికి మారాలో తేల్చేది ఆ మైనమే. టెట్రాడెకనాల్ అయితే సుమారు 38 డిగ్రీలకు, హెక్సాడెకనాల్ అయితే సుమారు 49 డిగ్రీలకు కరుగుతుంది. ఇదేమీ నిన్నటి రహస్యం కాదు. రుద్దితే రాత మాయమయ్యే పెన్నులు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి, రుద్దినప్పుడు పుట్టే వేడికి సిరా రంగు పోతుంది. పోలియో చుక్కల సీసా మీద ఉండే చిన్న గుర్తు 1996 నుంచీ వాడుకలో ఉంది. దాని రసాయనం వేరు, ఒకసారి మారిన రంగు వెనక్కి రాదు. అయినా 'రంగు చూసి వేడి తెలుసుకోవడం' అన్న ఆలోచన మన పల్లె ఆరోగ్య కేంద్రాలకు కూడా పాతదేనని ఆ సీసా సాక్ష్యం. ఇక రంగు మారే పిల్లల చెంచాలంటారా, అవి ఎన్నో ఏళ్లుగా దుకాణాల్లో ఉన్నాయి.

ఈ ఆఖరి మాట చెప్పగానే ఆయన ముఖం వాడిపోయింది. "నేనెవర్నీ చూసి చెయ్యలేదు బాబూ. నా బుర్రతో చేశాను." నిజమే చెప్పారు, నాకు అనుమానం లేదు. కానీ కాపీ కొట్టావా లేదా అని పేటెంట్ చట్టం అడగదు. నీకు తెలిసినా తెలియకపోయినా, దరఖాస్తు తేదీకి ముందు అది లోకంలో ఎక్కడైనా అచ్చయి ఉంటే నీది కొత్తది కాదు. నా వృత్తిలో అన్నిటికంటే కష్టంగా అనిపించే మాట ఇదే. సొంతంగా కష్టపడ్డ మనిషి ముఖం మీద చెప్పాలి.

కొత్తదనం అనే మొదటి గడప

మన పేటెంట్ చట్టం 1970 నాటిది. సెక్షన్ 2(1)(జె) ప్రకారం ఆవిష్కరణ కొత్తదై ఉండాలి, అందులో ఇన్వెంటివ్ స్టెప్ (పనిమంతుడికి ఇట్టే తట్టని ముందడుగు) ఉండాలి, పరిశ్రమలో పనికిరావాలి. చెంచాల విషయంలో మూడోదానికి ఇబ్బంది ఉండదు. మొదటిదాన్ని చూద్దాం.

కొత్తదనాన్ని కొట్టేయాలంటే ఎగ్జామినర్, అంటే దరఖాస్తును పరీక్షించే పేటెంట్ ఆఫీసు అధికారి, ఒకే పత్రంలో, ఒకే వస్తువులో నీ క్లెయిమ్‌లోని అంశాలన్నీ చూపించాలి. క్లెయిమ్ అంటే దరఖాస్తులో 'నా హక్కు ఇంతవరకు' అని గీత గీసే వాక్యం. రెండు పత్రాల్ని అతికించి కొత్తది కాదనడానికి వీల్లేదు. అందుకే 'వేడికి రంగు మారే పదార్థం కలిపిన చెంచా' అని రాస్తే మొదటి గడపలోనే పడిపోతాం. 'కొన దగ్గర మాత్రమే, ఫలానా మందంలో, ఫలానా డిగ్రీలకు మారే' అని చేర్చుకుంటూ పోతే ఈ గడప దాటవచ్చు. ఇది దాటడం అంత కష్టమేమీ కాదు. కష్టం తరువాతి గడపలో ఉంది.

ఆయన విషయంలో అయితే మొదటి గడపలోనే ఊహించని అడ్డం వచ్చింది. మాటల మధ్యలో ఫోన్ తీసి ఒక ఫొటో చూపించారు. గుంటూరు బ్రాడీపేటలో వాళ్ల చెల్లెలి మనవరాలి అన్నప్రాసన. వచ్చినవాళ్లందరికీ పసుపు రిబ్బను కట్టిన చిన్న డబ్బాలు రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చారు. డబ్బాలో ఏముందని అడిగాను.

"ఈ చెంచాలే. నూట ఇరవై పంచాం. అందరూ ఎంత మెచ్చుకున్నారో!"

ఆ ఫొటోను నేను చాలాసేపు చూశాను. దరఖాస్తు తేదీకి ముందు మన దేశంలో జనానికి తెలిసినా, జనం వాడినా పేటెంట్ ఇవ్వవద్దని అడ్డుపడటానికి సెక్షన్ 25 దారి ఇస్తుంది. ఒకవేళ ఇచ్చేసినా రద్దు చేయించడానికి సెక్షన్ 64 ఉంది. పంచింది ఆవిష్కర్తే కదా, తన సరుకు తనకే అడ్డమెలా అవుతుందని అడుగుతారు. అవుతుంది. అచ్చంగా పరీక్ష కోసం, పరీక్షకు తప్పనిసరై, దరఖాస్తుకు ముందు ఏడాదిలోపు బయట వాడి చూస్తే సెక్షన్ 32 కొంత కాపాడుతుంది. కానీ రిబ్బను కట్టి తాంబూలంతో ఇచ్చిన చెంచాను పరీక్ష అని, పేటెంట్ ఇవ్వాలో వద్దో తేల్చే ఏ కంట్రోలర్ ముందూ నిలబెట్టలేం. ఎగ్జిబిషన్‌లో ప్రదర్శిస్తే సెక్షన్ 31 కింద 12 నెలల వెసులుబాటు ఉంది గానీ, అది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ఎగ్జిబిషన్లకే. ఊళ్లో వేసవి ఎగ్జిబిషన్ స్టాల్, వాట్సాప్ స్టేటస్, యూట్యూబ్ వీడియో, బంధువుల ఫంక్షన్, వీటికి ఆ వెసులుబాటు లేదు. ఏటా ఇలా తమ పేటెంట్‌ను తామే పోగొట్టుకున్న వాళ్లను కనీసం ఇద్దరు ముగ్గుర్ని చూస్తాను. దాని బదులు ముందే ఒక ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసి ఉంటే, పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలలు చేతిలో ఉండేవి. మనిషి పేరున ఆన్‌లైన్‌లో వేస్తే సర్కారు ఫీజు 1,600 రూపాయలు.

జనానికి తెలియడం అంటే ఎంతమందికి తెలియాలి? 1986లో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. కృష్ణా, గుంటూరు రైతులకు బాగా తెలిసిన మందు మీద తగవు అది. వరిలో కలుపుకు చల్లే బ్యూటాక్లోర్. మోన్‌శాంటో కంపెనీ తన పేటెంట్‌ను కోరమాండల్ ఇండాగ్ ఉల్లంఘించిందని దావా వేసింది. తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆ మందు ముందే తెలిసినది, దాన్ని నీళ్లలో కలిసేలా ఎమల్షన్ చేయడం కూడా అందరూ చేసే పద్ధతే, ఇందులో పేటెంట్‌కు తగింది ఏమీ లేదు పొమ్మన్నారు. బజార్లో కొనేవాళ్లందరికీ తెలిసి ఉండనక్కర్లేదు, ఆ రంగంలో పనిచేసేవాళ్లకు తెలిస్తే చాలన్నారు. ఆ లెక్కన నూట ఇరవై ఇళ్లకు చేరిన చెంచా సంగతి చెప్పేదేముంది.

మీర్జాపూర్ గిన్నెల తగవు

ఇన్వెంటివ్ స్టెప్ అంటే చట్టం చెప్పేది ఇది: ఉన్న జ్ఞానం మీద సాంకేతికంగా ముందడుగు ఉండాలి, లేదా ఆర్థికంగా ప్రాముఖ్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి. అది ఎలా ఉన్నా, ఆ పనిలో నైపుణ్యమున్న మనిషికి 'ఇందులో ఏముంది, ఎవరైనా చేసేదే' అనిపించకూడదు. ఈ మాటకు మన దేశంలో అసలు అర్థం చెప్పిన తీర్పు ఒకటుంది. అది కూడా వంటపాత్రల మీదే కావడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ ఇత్తడి పాత్రలకు పేరుపడ్డ ఊరు. అక్కడ లోతు తక్కువ పాత్రలను లేత్ (వస్తువును గిరగిరా తిప్పే యంత్రం) మీద గీకి నునుపు చేసేటప్పుడు పాత్రను జిగురు లాంటి పదార్థంతో హెడ్‌స్టాక్‌కు, అంటే లేత్‌లో తిరిగే తలకు, అంటించేవారు. తిరిగే వేగానికి ఒక్కోసారి పాత్ర ఊడి ఎగిరిపోయేది. పనివాడికి ప్రాణాపాయం. హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అనే సంస్థ దీనికి ఒక ఉపాయం చేసింది. రెండోవైపు నుంచి టెయిల్‌స్టాక్ అనే ఆనిక మొనతో నొక్కిపెడితే పాత్ర కదలదు. 1950ల మొదట్లో పేటెంట్ వచ్చింది. అదే ఊళ్లోని బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ అనే సంస్థ అలాంటిదే వాడుతోందని దావా వేశారు. వాళ్లు ఊరుకోకుండా అసలు పేటెంటే చెల్లదని ఎదురు తిరిగారు. అలహాబాద్ హైకోర్టులో ఒక జడ్జి పేటెంట్ రద్దు చేశారు, ఇద్దరు జడ్జీల బెంచి నిలబెట్టింది. 1978లో సుప్రీంకోర్టు జస్టిస్ సర్కారియా తీర్పుతో మళ్లీ రద్దయింది.

కోర్టు చూసిన తీరు గమనించండి. ఉపయోగం లేదని ఎవరూ అనలేదు. పాత్ర ఎగరడం ఆగింది, పనివాడికి భద్రత వచ్చింది. కానీ టెయిల్‌స్టాక్ అన్నది దశాబ్దాలుగా లేత్‌ల మీద ఉన్నదే. తెలిసిన సాధనాన్ని తెలిసిన యంత్రానికి, తెలిసిన పనికోసమే, కాస్త పద్ధతి మార్చి బిగించారు. ఇది వర్క్‌షాపులో పనిమంతుడు చేసుకునే మెరుగుదలే గానీ ఆవిష్కరణ కాదని తేల్చింది. ఇంకో మాట కూడా చెప్పింది. పేటెంట్ ఆఫీసు పరీక్షించి ఇచ్చినంత మాత్రాన పేటెంట్ చెల్లుతుందని హామీ ఏమీ లేదు. 1970 చట్టంలో సెక్షన్ 13(4) చెప్పేది కూడా ఇదే.

ఈ కథ చెప్పినప్పుడు పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన ముప్పై ఏళ్లు లేత్‌ల మధ్య, డైల మధ్య బతికిన మనిషి. "అంటే మా పనివాళ్లు రోజూ చేసేదేదీ ఆవిష్కరణ కాదా?" అని అడిగారు. ఆ ప్రశ్నలో బాధ ఉంది, న్యాయం కూడా ఉంది. నా మనసులో మాట చెబుతాను. మీర్జాపూర్ తీర్పు సరైనదే. టెయిల్‌స్టాక్ బిగించుకునే స్వేచ్ఛ ఆ ఊరి కొలుముల్లో అందరికీ ఉండాల్సిందే. ఆటోనగర్ లాంటి చోట ఒకడు చేసిన చిన్న మార్పును పక్క షెడ్డువాడు చూసి ఇంకొంచెం బాగుచేస్తాడు. దానికి 20 ఏళ్ల తాళం వేస్తే అందరి పనీ ఆగుతుంది. గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే కష్టమంతా.

ఆ గీతను చెంచా మీద గీద్దాం. అమెరికా సుప్రీంకోర్టు 1851లో తలుపు పిడి కేసు ఒకటి విన్నది, హాచ్‌కిస్ వర్సెస్ గ్రీన్‌వుడ్. లోహంతో, చెక్కతో చేసే పిడిని అదే బిగింపుతో మట్టితో, పింగాణీతో చేశారు. మెరుగ్గా ఉంది, చవక కూడా. అయినా ముడిసరుకు మార్చడం చేయి తిరిగిన మేస్త్రీ పని, ఆవిష్కర్త పని కాదన్నారు. మామూలు ప్లాస్టిక్ బదులు రంగు మారే ప్లాస్టిక్ వేసి పోత పోసిన చెంచాకూ ఆ పిడికీ తేడా ఏముంది?

మన పెద్దాయన దగ్గర దీనికి ఒక జవాబు ఉంది, విని నాకు సంతోషం వేసింది. బయట దొరికే చెంచాల్లో కొన్ని తక్కువ వేడికే మారిపోతాయి. చలిదేశాల వంటింట్లో సరిపోవచ్చు. మే నెలలో పల్నాడులోని రెంటచింతలలో గాలి వేడే 45 డిగ్రీలు దాటుతుంది. 38 డిగ్రీలకు మారే చెంచా అక్కడ గిన్నెలో పెట్టకముందే, వంటింటి గట్టు మీదే గులాబీ రంగులో ఉంటుంది. తల్లికి అది ఏమీ చెప్పదు. అందుకే ఆయన రెండు రకాల పొడులు కలిపి, మన ఎండలకు తట్టుకుని ఇంకాస్త పైన మారేలా చేశారు. ఇక్కడి అనుభవం నుంచి వచ్చిన తెలివి అది.

కానీ పేటెంట్‌కు అది చాలదు. ఏ మైనం ఎంత వేడికి కరుగుతుందో పట్టికలు ఉన్నాయి. కావలసిన వేడి తెలిశాక పట్టికలో వెతికి తీసుకోవడమే మిగిలింది. 1945లో అమెరికా సుప్రీంకోర్టు ముద్రణ సిరా కేసు ఒకదానిలో చెప్పిన పోలిక నాకు బాగా నచ్చుతుంది. తెలిసిన అవసరానికి సరిపోయే తెలిసిన పదార్థాన్ని జాబితాలోంచి ఎంచుకోవడం, జిగ్‌సా బొమ్మలో మిగిలిన ఆఖరి ఖాళీలో ఆఖరి ముక్క పెట్టడం లాంటిదని. మన కోర్టులు విదేశీ తీర్పులకు కట్టుబడి ఉండనక్కర్లేదు. కానీ ఎగ్జామినర్ చేసే ఆలోచన మాత్రం ఇదే.

రెండు పాతవి కలిస్తే ఒక కొత్తదా?

సెక్షన్ 3లో పేటెంట్‌కు తగనివాటి జాబితా ఉంది. చెంచాల దరఖాస్తుల మీద ఎక్కువగా వచ్చి పడేది 3(ఎఫ్). తెలిసిన సాధనాలు ఒక్కోటీ తన పని తాను, దేనికది విడిగా, తెలిసిన తీరులోనే చేసుకుంటుంటే వాటిని పక్కపక్కన పెట్టడం ఆవిష్కరణ కాదు. చెంచా అన్నాన్ని మోస్తుంది. రంగు వేడిని చూపిస్తుంది. ఒకదాని వల్ల రెండోది ఏమైనా మారిందా? మారకపోతే అది గోడ గడియారానికి క్యాలెండర్ అతికించినట్టే.

బ్రిటన్‌లో 2004లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అప్పట్లో అక్కడి పైకోర్టు, ఒక గ్యాస్ స్టవ్ బర్నర్ మీద ఇదే ప్రశ్న విన్నది. సబాఫ్ అనే ఇటలీ కంపెనీ బర్నర్ అది. అందులో రెండు ఉపాయాలు. ఒకటి గాలిని పైనుంచి పీల్చేది, రెండోది గ్యాసూ గాలీ కలిసే గొట్టాన్ని మంట చక్రం కింద అడ్డంగా పరిచేది. రెండూ విడివిడిగా పాతవే. ఒకదాని పనితీరుకు రెండోదానితో సంబంధం లేదు. కాబట్టి కలిపి ఒక ఆవిష్కరణ అని చూపించలేరు, విడివిడిగానే తూచాలి అన్నారు. తూచితే రెండూ తేలిపోయాయి.

3(ఎన్) ఇంకో పక్కనుంచి వస్తుంది. కేవలం సమాచారాన్ని చూపించడం ఆవిష్కరణ కాదు. చెంచా మీద 'వేడి' అన్న అక్షరాలు రావడం సమాచారమా, సాంకేతిక ఫలితమా? నా అభిప్రాయం ఇది. అక్షరాలు రావడానికి కారణమైన పదార్థం, దాని అమరిక సాంకేతికమే, థర్మామీటర్ లాగా. కానీ పాత చెంచాకూ నీ చెంచాకూ ఉన్న తేడా అక్షరాల్లో, బొమ్మల్లో, రంగుల అందంలో మాత్రమే ఉంటే దానికి పేటెంట్ అడగకూడదు. అందానికి డిజైన్స్ చట్టం, 2000 వేరే ఉంది. అక్కడ నమోదు చేస్తే 10 ఏళ్లు, ఇంకో 5 పొడిగింపు. చెంచా ఆకారం నిజంగా కొత్తదైతే చిన్న తయారీదారుకు అది చవకైన దారి. అయితే అదీ బయటపెట్టకముందే చెయ్యాలి.

3(డి)ని కూడా ఎగ్జామినర్లు ఎత్తుతారు, తెలిసిన పదార్థానికి కొత్త వాడకం కనిపెట్టడం మాత్రమేనని. మనం అడుగుతున్నది పదార్థం మీద కాదు, ఒక వస్తువు నిర్మాణం మీద అని నిదానంగా చెబితే ఇది చాలావరకు తొలుగుతుంది.

జావ కింద దాగిన రంగు

మరి ఆయన దగ్గర ఏమీ లేదా? అదే అనుకుని నేను డిజైన్ నమోదు గురించి చెప్పడం మొదలుపెట్టాను. అప్పుడు ఆయన జేబులోంచి రెండో చెంచా తీశారు. అది ఎక్కడా పంచలేదు, ఇంట్లో కోడలు తప్ప ఎవరూ వాడలేదు.

"మొదటిదాంతో కోడలికి కుదరలేదు బాబూ. జావ తీశాక చెంచా గుంట అంతా జావే. రంగు ఎక్కడ కనపడుతుంది? పైగా ప్లాస్టిక్‌కు వేడెక్కడానికి టైము పడుతుంది. రంగు మారేలోపు చెంచా వాడి నోట్లో ఉంటుంది."

మళ్లీ మూతలోకి జావ వంపి రెండో చెంచా ముంచి తీశారు. గుంట నిండా జావ. కానీ గుంట దాటాక, కాడ మొదలయ్యే మెడ దగ్గర గోరంత కిటికీ ఉంది, చూస్తుండగానే అది గులాబీ రంగుకు తిరిగింది. గుంట అడుగు నుంచి మెడ దాకా ప్లాస్టిక్ లోపల పలచని అల్యూమినియం పట్టీ దాచి పోత పోశారు. అల్యూమినియం ప్లాస్టిక్ కంటే వెయ్యి రెట్లకు పైగా బాగా వేడిని మోస్తుంది. అన్నం దగ్గరి వేడిని కన్ను పడే చోటికి తెస్తుంది. కిటికీలో రంగు పొర సన్నంగా ఉంది కనుక త్వరగా మారుతుంది.

నాకు మా అమ్మమ్మ వెండి ఉగ్గుగిన్నె గుర్తొచ్చింది. వెండి స్టీలు కంటే పాతిక రెట్లకు పైగా వేడిని మోస్తుంది. ఉగ్గు కలిపిన గిన్నె పట్టుకుంటే వేడి ఎంతుందో వేళ్లకే తెలిసేది. ఆ తరం తల్లులకు గిన్నే ఒక రకంగా థర్మామీటరు. ఇలా అనగానే ఆయన కంగారుపడ్డారు, "అయితే మళ్లీ పాతదేనంటావా?" అని. ఆ కంగారు అనవసరమైనది కాదు. సంప్రదాయ జ్ఞానం మీద, దాన్ని ఇంకో రూపంలో చెప్పడం మీద పేటెంట్ వద్దని 3(పి) చెబుతుంది. కానీ వేడిని వేలితో పసిగట్టడానికీ, లోపల దాచిన పట్టీతో రంగు కిటికీకి చేర్చడానికీ మధ్య దూరం ఉంది. ఆ దూరం ఎంతన్నదే ఇక తగవు.

ఢిల్లీ హైకోర్టు 2015లో రోష్, సిప్లా కంపెనీల మధ్య ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు కేసులో ఈ దూరాన్ని కొలిచే వరస చెప్పింది. ముందు ఆ రంగంలో మామూలు నైపుణ్యమున్న మనిషిని ఊహించుకోవాలి. ఆవిష్కరణలో సారం ఏమిటో గుర్తించాలి. దరఖాస్తు నాటికి ఆ మనిషికి ఉండే జ్ఞానం ఏమిటో చూడాలి. పాతదానికీ దీనికీ తేడాలు రాయాలి. ఆఖరున, జవాబు ముందే తెలిసినవాడి కళ్లతో చూడకుండా, ఆ తేడాలు ఆ మనిషికి తట్టేవా అని అడగాలి.

ఎగ్జామినర్ వైపు నిలబడితే వాదన బలంగానే ఉంటుంది. రంగు చెంచా పాతది. ఆయన పంచిన నూట ఇరవై చెంచాలే అందుకు సాక్ష్యం. లోహం వేడిని మోస్తుందని ఆరో తరగతి పిల్లలకూ తెలుసు. వేడి కావలసినచోటికి లోహం వేయడం మీర్జాపూర్ టెయిల్‌స్టాక్ లాంటిదే.

ఇటువైపు నుంచి నా వాదన ఇది. తేడా లోహంలో లేదు, సమస్యను పసిగట్టడంలో ఉంది. చెంచా అంతా రంగు మారేలా చేసేవాడు గుంటనే చూపుడు పలకగా భావించాడు. తినిపించే క్షణంలో ఆ పలకను అన్నమే కప్పేస్తుందని ఎవరూ ఆలోచించకపోతే, పట్టీ వేయాలన్న ఆలోచన రావడానికి కారణమే లేదు. పైగా ఇక్కడ భాగాలు దేనికది విడిగా లేవు. పట్టీ లేకపోతే మెడ దగ్గరి రంగు మారదు. రంగు అక్కడ లేకపోతే పట్టీకి పనిలేదు. పొర సన్నంగా లేకపోతే రెండూ ఉన్నా సమయానికి చెప్పవు. ఒకదాని మీద ఒకటి ఆధారపడి కొత్త ఫలితం ఇస్తున్నాయి కనుక 3(ఎఫ్) తగలదు. దీనికి మాటలు చాలవు, కొలతలు కావాలి. రెండు చెంచాలనూ ఒకే వేడి జావలో ముంచి ఎన్ని సెకన్లకు మారాయో, ఏ మందానికి ఎలా మారిందో పట్టిక కట్టి దరఖాస్తులోనే పెట్టమన్నాను. సెకన్ల లెక్క ఎందుకంటే, 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని కూడా సుమారు 5 సెకన్లలో కాల్చేస్తాయి. పసివాళ్ల చర్మం ఇంకా పలచన.

ఏ వాదన నెగ్గుతుందో పందెం కాయను. కానీ ఎక్కడ పడిపోతుందో మాత్రం చెప్పగలను: క్లెయిమ్ రాసే తీరులో. చెంచాల తగవుల్లో ఓడిపోయే దరఖాస్తులకు అత్యాశే ఎక్కువసార్లు కారణం. 'వేడిని చూపించే ఏ తినే సాధనమైనా' అని రాసుకుంటే లోకంలోని పాత చెంచాలన్నీ వచ్చి ఎదురు నిలబడతాయి.

మా ఇద్దరికీ అసలు పట్టు పడింది కూడా అక్కడే. 'అల్యూమినియం పట్టీ' అని నేను రాశాను. "వద్దు. రేపు పక్కవాడు రాగి వేస్తాడు, నువ్వేం చేస్తావు?" అన్నారు. నిజమే. 'లోహపు పట్టీ' అంటే పరిధి పెరుగుతుంది, ఆ పరిధిలోకి ఏదైనా పాత పత్రం వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. చివరికి మెట్లుగా రాశాం. మొదటి క్లెయిమ్‌లో గుంట అడుగు నుంచి మెడ కిటికీ దాకా వెళ్లే లోహపు పట్టీ. దాని కింద రెండోదాంట్లో అల్యూమినియం. మూడోదాంట్లో పట్టీ మందం, రంగు పొర మందం. నాలుగోదాంట్లో రంగు మారే వేడి. పైది కొట్టేస్తే కింది మెట్టు మీద నిలబడవచ్చు. పంచిన చెంచాల సంగతి దాచకుండా వివరణలోనే రాశాను. ఆయనకు మొదట నచ్చలేదు. ఆ ఫంక్షన్‌కు వచ్చిన నూట ఇరవై కుటుంబాల్లో ఎవరో ఒకరు ఫొటో బయటపెట్టే రోజున, మనమే ముందు చెప్పి 'తేడా ఇదీ' అని చూపించి ఉండటం మంచిదని ఒప్పించాను. దరఖాస్తు మామూలుగా 18 నెలలకు ప్రచురణ అవుతుంది. అప్పటి నుంచి పేటెంట్ ఇచ్చేదాకా ఎవరైనా అడ్డు చెప్పవచ్చు. ఇచ్చాక కూడా, ఇచ్చినట్టు ప్రచురించిన తేదీ నుంచి ఏడాదిలోపు, ప్రయోజనం ఉన్నవాళ్లు అడ్డు చెప్పవచ్చు.

మన రాష్ట్రం దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసుకు వెళ్తాయి. ఇంతకు ముందు పరీక్ష చెయ్యమని కోరడానికి 48 నెలల గడువు ఉండేది, 2024 నిబంధనలతో అది 31 నెలలైంది. అప్పటిదాకా ఆగి, అమ్మకాలు ఎలా ఉంటాయో చూసి కడదామా అని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. పరీక్ష ఫీజు 4,000 కూడా అదే రోజు కట్టించారు. రెండు ఫారాలూ కలిపి పంపాం. మనవడికి అప్పటికి పదహారో నెల. వాడు తన చెంచా తానే పట్టుకుని తింటున్నాడట.